చేతిఫోనుకు కొత్త రూపు – మన రెండు లిపులకు పరీక్ష

ఈనాడు కళాశాల ఆవరణలో ఏ విద్యార్థి చేతిని చూచినను అందొక స్మార్ట్‌ఫోను కనబడును. రాత్రి తలగడ ప్రక్కన పెట్టి నిద్రించిన ఆ ఫోను తెల్లవారునప్పటికి వేరొక ముఖముతో పలుకరించుట ఎల్లరకు అనుభవమైన విషయమే. గడియారపు అంకెలు లావెక్కి ఉండును. మీటల అంచులు గుండ్రబడి ఉండును. నిన్నటివరకు ఒక మూల ఉన్నది నేడు మరొక మూలకు జరిగిపోగా, వ్రేలు అలవాటు చొప్పున పాతచోటనే తడుముకొనుచుండును. దీనినే అప్‌డేటు వచ్చినదని అనుచున్నాము. మిత్రులు గుమిగూడి మొదటి గంటలోనే తీర్పు చెప్పివేయుదురు. చూచుటకు బాగున్నదా లేదా, బ్యాటరీ త్వరగా దిగుచున్నదా లేదా అను రెండు ప్రశ్నలతో విచారణ ముగియును.

మేము ఈ వ్యాసమున మూడవ ప్రశ్న నొకదానిని చేర్చదలచితిమి. కొత్త సాఫ్ట్‌వేరులో మన అక్షరములు ఎట్లున్నవి? వేరొక కళాశాలవారికి ఇది అల్పవిషయముగా తోచవచ్చును. కాని ఎడమనుండి తెరచినచో తెలుగు, కుడినుండి తెరచినచో ఉర్దూ కనబడు సంచికను చదువు మనకు ఇది అల్పము కాదు. ఫోనులో రంగులు మారినచో వారము దినములలో కన్ను అలవాటుపడును. అక్షరము చెడినచో అలవాటుపడుట యనునది లేదు. చదువరి ఆ భాషను విడిచి ఇంగ్లీషులోనికి పోవును, అంతే.

ముందుగా అప్‌డేటు అనగా నేమో చూతము. ఫోనులోని యంత్రభాగములకును, మనము వాడు యాప్‌లకును నడుమ నిలిచి పని నడిపించు మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. ఆండ్రాయిడ్, ఐఓఎస్ అట్టివి. వీనికి ఏటికొకసారి వచ్చు పెద్ద మార్పు ఒకటి. మధ్యమధ్య వచ్చు భద్రతా సవరణలు మరియొకటి. పెద్ద మార్పు ఇంటికి వెల్ల వేయించి గదులు సర్దుట వంటిది. భద్రతా సవరణ దొంగకు తెలిసిపోయిన తాళమును మార్పించుట వంటిది. సందడి అంతయు మొదటిదానికే జరుగును. రెండవది వచ్చినప్పుడు చాలామంది "తరువాత" అను మీటను నొక్కి ఊరకుందురు. ఇది తలక్రిందుల వ్యవహారమని మా అభిప్రాయము.

ఒకే దినమున ఒకే దుకాణములో ఫోన్లు కొన్న ఇద్దరు స్నేహితులలో ఒకరికి అప్‌డేటు ముందుగాను, మరొకరికి నెలల తరువాతను వచ్చుట కలదు. ఐఫోను విషయమున యంత్రమును, సాఫ్ట్‌వేరును ఆపిల్ సంస్థయే చేయును గనుక అందరికీ దాదాపు ఒకేసారి అందును. ఆండ్రాయిడ్ మార్గము దీర్ఘమైనది. గూగుల్ సంస్థ విడుదల చేసినదానిని చిప్పు తయారీదారులు తమ చిప్పునకు అనువుగా దిద్దవలెను. పిదప ఫోను కంపెనీ తన హంగులు చేర్చి, పరీక్షించి, విడతలు విడతలుగా పంపవలెను. ఇందొక చిత్రమైన సంగతి కలదు. 2015 ఆగస్టులో షావోమీ సంస్థ భారతదేశమున కూర్చిన తన మొదటి ఫోను, రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేసినది. దానిని కూర్చినది మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారమున. నాడు చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీసిటీ 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఫోను పుట్టినది మన సత్యవేడు ప్రాంతముననే యైనను, దానిలోని సాఫ్ట్‌వేరు ఎప్పుడు మారవలెనో, అందు తెలుగు ఎట్లు కనబడవలెనో నిర్ణయము కావించువారు ఎక్కడనో దూరదేశముల నుందురు. యంత్రము మన ఊరిది, అక్షరము మాత్రము ప్రవాసి!

ఆ అక్షరము ఫోనులో ఎట్లు నిలుచునో కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఫోను మన అక్షరమును బొమ్మగా దాచుకొనదు. ప్రపంచ లిపులన్నిటికి సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ అను ఒప్పందము కలదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు చోటు లభించినది. తెలుగు కొరకు 128 స్థానములు ప్రత్యేకించబడినవి. కాని తెలుగులో కనబడు ఆకారములు 128 కాదు గదా! గుణింతములు, వత్తులు, జంటవత్తులు కలిసి వేలకొలది ఆకృతులగును. కావున ఫోను "స్త్రీ" అను మాటను స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను వరుసగా దాచుకొని, చూపవలసి వచ్చినప్పుడు ఆ వరుసను చదివి, దేనిని పైన నిలుపవలెనో, దేనిని క్రిందికి దింపవలెనో లెక్కించి చిత్రించును. ఈ చిత్రించు పని చేయు భాగము సరిగా లేనిచో అక్షరములు విడివిడిగా చెల్లాచెదరగును. అసలు అక్షరరూపములే లేనిచో వరుసగా ఖాళీ డబ్బాలు కనబడును. స్మార్ట్‌ఫోన్లు వచ్చిన తొలినాళ్ళలో తెలుగు సందేశము వచ్చినదనగా డబ్బాలు వచ్చినవనియే అర్థము. 2012లో వెలువడిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడము, మలయాళములకు ఆ వ్యవస్థలో ఆదరణ లభించినది. 2014లో ఆండ్రాయిడ్ 5 వచ్చినప్పుడు ఫోనులోని ఆజ్ఞలు, పట్టికలు సైతము తెలుగులో చూచుకొను వీలు కలిగినది. ఆ రెండు అప్‌డేట్లు మన జనులకు చేసిన మేలు ఏ కెమెరా హంగును చేయలేదు. మదనపల్లె టమోటా మార్కెట్టు ధరను వాట్సాప్‌లో చదువుకొను రైతును అడిగి చూడవచ్చును.

ఉర్దూ కథ వేరు. ఇందు అక్షరము పదములోని తన స్థానమును బట్టి ఆకారము మార్చుకొనును. మొదట ఒక రూపు, నడుమ ఒక రూపు, చివర ఒక రూపు, ఒంటరిగా మరొక రూపు. అరబ్బీలో లేని టే, డాల్, బడీ యే వంటి అక్షరములును కలవు గనుక అరబ్బీ కీబోర్డు ఒక్కటే ఉన్నచో ఉర్దూకు చాలదు. అయినను వీని సంఖ్యలన్నియు యూనికోడ్‌లో కలవు. పేచీ అక్కడ కాదు, శైలిలో. అరబ్బీ అచ్చునకు వాడు నస్ఖ్ శైలిలో అక్షరములు ఒక గీతపై సమముగా నడచును. ఉర్దూ చదువరి కన్ను ఎరిగినది నస్తలీఖ్. ఇందు ప్రతి మాటయు కుడివైపున ఎత్తుగా మొదలై ఎడమకు దిగుచు, అక్షరము మీద అక్షరము వాలి, మెట్లు దిగినట్లు సాగును. ఈ వాలు వలననే అచ్చుయంత్రములు చిరకాలము ఉర్దూను లొంగదీసుకొనలేకపోయినవి. పత్రికలు కాతిబుల చేతివ్రాత మీదనే ఆధారపడినవి. మన చిత్తూరుకు చేరువలోని చెన్నైనుండి 1927లో ప్రారంభమైన 'ముసల్మాన్' దినపత్రిక ఆ చేతివ్రాత వలననే లోకప్రసిద్ధి పొందినది. మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తలీఖ్ 1981లో వాడుకలోనికి వచ్చినప్పుడు, ఒక కాతిబు వలె వేలకొలది అక్షర సముదాయములను ముందుగా వ్రాసి కంప్యూటరునకు అందించవలసి వచ్చినది.

కంప్యూటరులో నస్తలీఖ్ స్థిరపడిన చాలకాలము తరువాత కూడ చేతిఫోను మాత్రము ఉర్దూను నస్ఖ్‌లోనే చూపుచుండెను. చదువవచ్చును, అర్థమగును, కాని ఉర్దూ పాఠకునకు అది పరాయి వేషమున ఉన్న బంధువును చూచినట్లుండును. అందుచేత యువకులనేకులు ఉర్దూ మాటలను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుట మరిగిరి. అమెరికాలో నివసించు ముదస్సిర్ అజీమీ అను రూపకర్త ఈ విషయమై ఆపిల్ సంస్థ అధిపతి టిమ్ కుక్‌కు బహిరంగలేఖ వ్రాసెను. 2017 సెప్టెంబరు 19న విడుదలైన ఐఓఎస్ 11తో ఆ కోరిక తీరినది. ఫోనులోని భాషల పట్టికలో ఉర్దూను చేర్చుకొన్నవారికి అక్షరములు నస్తలీఖ్‌లో దర్శనమిచ్చినవి. నోటో నస్తలీఖ్ ఉర్దూ అను ఆ అక్షరరూపమును గూగుల్ సంస్థ అంతకు ముందే ఉచితముగా విడుదల చేసియుండుట ఇందు గమనింపదగినది. ఒక సంస్థ చేయించిన అక్షరము దాని ప్రత్యర్థి ఫోనులో ముందుగా వెలిగినది. చాల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉర్దూ నేటికిని నస్ఖ్ వేషముననే తిరుగుచున్నది.

నస్తలీఖ్ వచ్చిన తొలిచూపు ముచ్చటగా ఉన్నను ఇబ్బందులు లేకపోలేదు. వాలుగా దిగు వ్రాతకు పంక్తి ఎత్తు ఎక్కువ కావలెను. ఇంగ్లీషు అక్షరమును మనసున పెట్టుకొని గీసిన మీటలలో, శీర్షికలలో నస్తలీఖ్ మాట తల యొకచోట, పాదమొకచోట తెగిపోవుచుండును. తెలుగు చదువరికి ఈ బాధ తెలియనిది కాదు. మన వత్తులు సైతము క్రింది పంక్తి నెత్తిన కూర్చుండుట తరచుగా చూచుచున్నాము.

ఇక అసలు కథకు వత్తుము. ఏ ఐఓఎస్ 11 ఉర్దూకు దాని సొంత రూపును ప్రసాదించినదో, ఆ పదకొండవ శ్రేణియే తెలుగు అక్షరము వద్ద బోర్లపడినది. 2018 ఫిబ్రవరి మధ్యలో ఒక వింత వార్త ప్రపంచమంతట ప్రాకినది. తెలుగు "జ్ఞా" అను అక్షరమును సందేశముగా పంపినచో ఐఫోను స్తంభించుచున్నదట! ఐఓఎస్ 11.2.5 నడుచుచున్న ఫోన్లలో అది చేరిన యాప్ తెరచినంతనే మూతబడుచుండెను. మరల తెరచినను అదే గతి. అది నోటిఫికేషనుగా వచ్చినచో ఫోను ముఖపుటయే తటాలున ఆరిపోవుచుండెను. మ్యాక్ కంప్యూటర్లకును అదే జబ్బు. ఆకతాయిలు దానిని ఒకరికొకరు పంపుకొని వినోదించిరి. కోట్ల ఫోన్లను గడగడలాడించినది మన అక్షరమని కొందరు తెలుగువారు లోలోన గర్వించియుందురేమో, చెప్పలేము.

వార్తాపత్రికలు "తెలుగు అక్షరము" అని వ్రాసి ఊరకుండినవి గాని, విషయము అంత సరళము కాదు. మనము నిత్యము వ్రాయు "జ్ఞానము" అను మాట వలన ఏ ఫోనుకును ఏమియు కాలేదు. ఆ ప్రమాదకరమైన వరుసలో జ, పొల్లు, ఞ అను మూడింటి తరువాత, దీర్ఘమునకు ముందు, కంటికి కనబడని గుర్తొకటి ఉండెను. దాని పని రెండు అక్షరములను కలియనీయకుండుట. ఇది దుష్టమైన గుర్తు కాదు, మనకు అత్యవసరమైనది. "సాఫ్ట్వేరు" అని వ్రాసినచో వకారము టకారము క్రిందికి పోవును. నడుమ ఆ అదృశ్యపు గుర్తునుంచినచో "సాఫ్ట్‌వేరు" అని పొల్లు నిలుచును. ఈ వ్యాసమందే అది అనేక పర్యాయములు దాగియున్నది. పారసీకము వ్రాయువారికి సైతము దీని వాడుక మెండు.

తెలుగులో దీర్ఘపు గుర్తు వరుసలో చివర ఉన్నను, చిత్రములో మొదటి హల్లు తలమీదికి పోయి అంటుకొనవలెను. వత్తు క్రింద నిలుచును. నడుమ అడ్డుగోడ వంటి గుర్తు వచ్చినప్పుడు ఏది ఎక్కడ చేర్చవలెనో లెక్కించుటలో ఆ చిత్రించు భాగము తడబడి, తనది కాని స్మృతిభాగమును చెరపివైచినది. ఇట్టి వరుసలు దేవనాగరిలోను, బెంగాలీలోను కూర్చవచ్చునని, వాని వలనను ఫోను కూలునని పరిశీలకులు కొలది దినములలోనే చూపించిరి. తప్పు తెలుగుది కాదని దీనివలన తేటతెల్లమగుచున్నది. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అను చిన్న అప్‌డేటుతో ఆపిల్ సంస్థ దానిని సవరించినది. దానితోపాటు వచ్చిన ప్రకటనలో ఏ భాష పేరును లేదు. కొన్ని అక్షర వరుసల వలన యాప్‌లు కూలు దోషము సవరింపబడినదని మాత్రమే ఉండెను. ఆకర్షణ ఏమియు లేని ఆ చిన్న అప్‌డేటును "తరువాత" అని నెట్టివేసినవారి ఫోన్లు ఆకతాయిల దయాధర్మముల మీద నడచినవి.

ఈ ఉదంతమును మేము ఇంత విస్తారముగా చెప్పుటకు కారణము కలదు. ఒక అప్‌డేటును విడుదల చేయుటకు ముందు దానిని వేలమంది పరీక్షింతురు. ఆ పరీక్షలో ఇంగ్లీషు వాక్యము కోట్లసార్లు నడచును. తెలుగు, ఉర్దూ వాక్యములు ఎన్నిసార్లు నడచును? వాడువారు ఎంత తక్కువగా వ్రాసిన, దోషము అంత చిరకాలము దాగియుండును. మన విద్యార్థులు తెలుగును ఇంగ్లీషు లిపిలోను, ఉర్దూను ఇంగ్లీషు లిపిలోను వ్రాసి సరిపెట్టుకొనుచుండగా, ఫోను కంపెనీకి మన లిపి చెడినదని తెలియుట ఎట్లు?

కావున అప్‌డేటు వచ్చిన దినమున పది నిమిషములు వెచ్చించి చూడవలసినవి కొన్ని కలవు. తెలుగులో స్త్రీ, రాష్ట్రము, లక్ష్మి, జ్ఞానము వంటి మాటలు కలిసిన వాక్యమొకటి వ్రాసి, పెద్ద అక్షరములలోను చిన్న అక్షరములలోను చూడవలెను. ఉర్దూ వాక్యము నడుమ ఒక ఫోను సంఖ్యను, ఒక తెలుగు మాటను ఇరికించి చూడవలెను. కుడినుండి నడచు పంక్తిలో ఎడమనుండి నడచు అంకెలు వచ్చినప్పుడు విరామచిహ్నములు దారితప్పి తప్పుడు కొసకు చేరుట పరిపాటి. ఫోను భాషను ఉర్దూకు మార్చినచో పుటయంతయు అద్దములో చూచినట్లు తిరగబడును. వెనుకకు పోవు బాణము కుడివైపునకు వచ్చును. ఈ ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో 2012 నాటి 4.2 కూర్పుతో వచ్చినది. తిరగబడక మొండికేయు యాప్‌లు నేటికిని కలవు. ఏవి మొండికేసినవో గుర్తించవలెను.

ఇటీవలి అప్‌డేట్లలో మన పాలిటికి మిక్కిలి ఉపయుక్తమైనది యాప్ యాప్‌నకు వేర్వేరు భాష నెంచుకొను వసతి. ఐఫోనులో 2019 నాటి ఐఓఎస్ 13తోను, ఆండ్రాయిడ్‌లో 2022 నాటి 13వ కూర్పుతోను ఇది వచ్చినది. ఫోనంతయు ఇంగ్లీషులో ఉంచుకొని, ఒక యాప్‌ను తెలుగులోను, మరొకదానిని ఉర్దూలోను నడుపుకొనవచ్చును. అయితే ఆ యాప్ చేసినవారు ఆ భాషను సమకూర్చి ఉండవలెను. 2024 నాటి ఐఓఎస్ 18తో ఫోను ముఖపుటపై గడియారమును తెలుగు అంకెలలో చూచుకొను వీలు కలిగినది. ౧౦ గంటల ౪౫ నిమిషములు అని చూచి తరగతికి వేళ అయినదో లేదో చెప్పగల తెలుగు విద్యార్థులు మనలో ఎందరుందురో పరీక్షించుట వినోదముగా ఉండును.

మైకును, కెమెరాను ఏ యాప్ అయినను వాడుచున్నప్పుడు తెర అంచున పచ్చని చుక్క వెలుగుట ఆండ్రాయిడ్‌లో 2021 నాటి 12వ కూర్పుతో వచ్చినది. దానిని అలంకారమని తలపక, అకారణముగా వెలిగినప్పుడు విచారింపవలెను. అప్‌డేటు ఎన్నడును వాట్సాప్ సందేశములోని లంకెగా రాదు. ఫోను సెట్టింగులలోనే వచ్చును. అట్టి లంకెను నొక్కినవారి బ్యాంకు సొమ్ము పోయిన ఉదంతములు అనేకము. ఫోటోలను, నోట్సులను వేరొకచోట భద్రపరచుకొని, ఛార్జింగు నిండుగా ఉన్నప్పుడే అప్‌డేటునకు పూనుకొనవలెను. తిరుమల దర్శనము టికెట్లు ఆన్‌లైనులో విడుదల యగు ఉదయమున ఫోనుకు అప్‌డేటు పెట్టు తిరుపతి నివాసి గొప్ప సాహసికుడని చెప్పవలెను.

వేరొక కష్టము కలదు. చాల తక్కువ ధర ఫోన్లకు రెండు మూడేండ్లతోనే అప్‌డేట్లు ఆగిపోవును. 2023లో గూగుల్ పిక్సెల్ 8కును, 2024లో శాంసంగ్ గెలాక్సీ ఎస్ 24కును ఏడేండ్ల హామీ ఇచ్చినారు గాని అవి మన విద్యార్థులు ఎక్కువమంది కొనగల ధరలో లేవు. అన్న వాడి ఇచ్చిన ఫోనుతో చదువు సాగించువానికి కొత్త అక్షరమును రాదు, కొత్త తాళమును రాదు. ఫోను కొనునప్పుడు కెమెరా ఎంత అని అడుగుటతో పాటు అప్‌డేట్లు ఎన్ని ఏండ్లు అని కూడ దుకాణదారుని అడుగుట మంచిది.

కళాశాల కమిటీ పెద్దలకును ఒక విన్నపము. మన ప్రకటనలు అనేకము డి.టి.పి. కేంద్రములలో తెలుగునకు అను ఫాంట్లతోను, ఉర్దూకు ఇన్‌పేజ్‌తోను తయారై, ఫోటోగా మారి విద్యార్థుల ఫోన్లకు చేరుచున్నవి. అను ఫాంట్లు యూనికోడ్ వరుసను అనుసరింపవు గనుక ఆ వ్రాతను యథాతథముగా పంపినచో అర్థము కాని ఇంగ్లీషు గుర్తులు కనబడును. అందుకే ఫోటో. కాని ఫోటోలోని మాటను వెదుకుట దుర్లభము. ఉపకారవేతనపు గడువు తేదీ ఏ ఫోటోలో ఉన్నదో రెండు నెలల తరువాత కనుగొనుట మరింత కష్టము. చూపు లేని విద్యార్థికి వ్రాతను బిగ్గరగా చదివి వినిపించు సదుపాయము ఫోనులోనే కలదు. ప్రకటన ఫోటోగా వచ్చినప్పుడు దాని మీద ఆధారపడుటకు వీలులేదు. అదే ప్రకటనను యూనికోడ్ తెలుగులోను, ఉర్దూలోను టైపు చేసి పంపినచో, ప్రతి అప్‌డేటు తరువాతను మన లిపులు సరిగా నిలిచినవో లేవో మూడువందల ఫోన్లలో ఒకేసారి తేలిపోవును.

తేలిన దోషమును తెలుపుటకు ఫోను సెట్టింగులలోనో, ఆ యాప్ పుటలోనో అభిప్రాయము పంపు చోటు ఉండును. "తెలుగు బాగాలేదు" అని వ్రాసినచో ప్రయోజనము లేదు. ఏ మాట చెడినదో దానిని టైపు చేసి, చెడిన రూపమును తెర ఫోటో తీసి జతపరచి, సరియైన రూపమును కాగితముపై వ్రాసి దాని ఫోటోను చేర్చి, ఫోను పేరును, సాఫ్ట్‌వేరు కూర్పు సంఖ్యను తప్పక తెలుపవలెను. ఆ సంఖ్య సెట్టింగులలో ఫోనును గురించి తెలుపు పుటలో కనబడును.